నువ్వుగింజంత అద్దంతో ఆళ్లగడ్డకు

ఉదయం ఏడుంబావుకు నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ పల్లెవెలుగు ఎక్కాను. టికెట్టు తీసుకునేటప్పుడు కూడా ఫోను ఒళ్లోంచి దించలేదు. దాని వెనక నేను బిగించిన చిన్న లేజర్ ప్రొజెక్టరు ఉంది మరి. కాలేజీలో ఫిజిక్సు చెప్పుకుంటూ ఏడాదిపాటు దాన్ని విప్పి, బిగించి, మళ్లీ విప్పాను. శిల్పి ఓబులేసన్న ఆ సంగతి విని, నంది బొమ్మ గీతలు రాతి మీద వెలుగుతో పడతాయా అని కబురంపాడు. భేషుగ్గా పడతాయని కోతలు కోసి బయల్దేరాను.

పక్కన కూర్చున్న పెద్దామె శిరివెళ్లలో దిగాలి. "ఏందమ్మా, చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుండావ్?" అంది. లోపల నువ్వుగింజంత అద్దం ఊగుతూ ఒక్క వెలుగు చుక్కను వరసలు వరసలుగా తిప్పుతుందని, అదే బొమ్మగా కనిపిస్తుందని చెప్పాను.

"చేన్లో సాలు ఎంబడి సాలు గొర్రు తోలినట్టే గదా," అని తేల్చేసింది. క్లాసులో మూడు రోజులు చెప్పే పాఠం అది. కాస్త ఉడుక్కున్నాను.

ఎనిమిదిన్నరకు ఆళ్లగడ్డలో దిగి, ఉగ్గాని బజ్జీ తిని, శిల్పుల వీధికి నడిచాను. గుమ్మంలోనే ఓబులేసన్న భార్య లక్ష్మక్క ఆపి అసలు సంగతి చెప్పింది. పని మొదలుపెట్టే ముందు రాయిని సుత్తితో కొట్టి వింటారట. మంచి రాయి గంటలా మోగుతుంది, లోపల పగులుంటే దబ్మంటుంది. ఓబులేసన్నకు ఇప్పుడు ఆ తేడా వినపడదు. పోయినసారి రెండు నెలలు చెక్కిన నంది మెడ దగ్గర విరిగింది. ఇంకొకరి చెవిని నమ్మి చెక్కనని పంతం పట్టి, ఎనిమిది రోజులుగా రెండు కొత్త రాళ్ల మధ్య ఊరికే కూర్చున్నాడు.

తొమ్మిదింటికి నీడపట్టున ఒక రాతి మీద ఫోను పెట్టి, రెండోదాని మీదికి గీతలు వేశాను. చక్కగా పడ్డాయి. ఓబులేసన్న అలవాటుగా ఫోను కింది రాయిని సుత్తితో తట్టాడు. గీతలన్నీ వణికి, చాలాసేపటికి గానీ నిలవలేదు. నా పరువు పోయింది.

ఫోనును రెండో రాతి మీదికి మార్చి, గీతలు మొదటిదాని మీద వేశాను. మళ్లీ తట్టాడు. గీతలు ఒక్కసారి ఉలిక్కిపడి ఆగిపోయాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇదీ రాయంటే అని గట్టిగా మెచ్చుకున్నాను.

ఆయన ఫోను అటూ ఇటూ మార్పించి మూడుసార్లు తట్టి చూశాడు.

"నువ్వు మెచ్చుకున్యది చచ్చిన రాయమ్మా," అని మొదటి రాతి మీద చెయ్యేశాడు. "ఇది పలుకుతాంది. కండ్లకే కనపడతాంది సూడు."

ఉలి తీశాడు. లక్ష్మక్క టీలో చక్కెర వేయడం మరిచింది, ఎవరమూ అడగలేదు.

"గీతలకు నా నూలుదారం చాలు టీచరమ్మా. ఇది మాత్రం ఈడే ఉండనీ," అన్నాడు. ఫోను అక్కడే వదిలి, సిమ్ము మాత్రం తీసుకుని ఒంటిగంట బస్సెక్కాను. ఏడాది కష్టపడి చేసిన పని అనుకున్నదానికి పనికిరాలేదు, ఇంకదేనికో పనికొచ్చింది. అంత సంతోషం నాకు ఏ పరీక్ష పాసైనా కలగలేదు.

శిరివెళ్లలో పొద్దుటి పెద్దామే మళ్లీ ఎక్కింది. నా ఖాళీ ఒడి చూసి, "బిడ్డ యాడమ్మా?" అంది.

"ఆళ్లగడ్డలో పనికి కుదిరిందమ్మా," అన్నాను.