చేతిరాత చూసి పట్టుకున్నాం

జగిత్యాలలో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్నప్పుడు మా తెలుగు మేడం కాలేజీ మెట్ల కింద గోడకు ఒక రేకు పెట్టె బిగింపజేసింది. మనసు బాగాలేనివాళ్ళు పేరు రాయకుండా అందులో చిట్టి వేయొచ్చు. శనివారం శనివారం మేడం ఎదుట తెరవాలి. ఆ పని చూసేది ఇద్దరం. కోరుట్ల నుంచి రోజూ బస్సులో వచ్చే నేను, హాస్టల్లో ఉండే నా స్నేహితురాలు. ఆమెది సిరిసిల్ల, తండ్రి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తాడు.

మాకు రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. ఒక్క సంగతి మాత్రం మేడం పదేపదే చెప్పింది. బతుకు మీద ఆశ లేనట్టు ఎవరైనా రాస్తే, రాసిందెవరో మీరు వెతకొద్దు, ఆ నిమిషమే నాకు చెప్పండి, నేను అన్ని క్లాసుల్లో చెప్తాను, వాళ్ళే నా దగ్గరికి వస్తారు అంది. నేను తల ఊపాను. తల ఊపడానికేం, నాది బాగానే ఊగుతుంది.

మూడు వారాలు నవ్వుకునే చిట్టీలే వచ్చాయి. సగం హాస్టల్ చారు మీద, సగం ప్రేమల మీద. నాలుగో శనివారం మేడం పేపర్లు దిద్దడానికి వరంగల్ వెళ్ళింది. తాళంచెవి నా దగ్గరుంది. ఇంకేం, మేడం లేకుండానే తెరుద్దామన్నాను. అడుగున ఒక్కటే చిట్టి ఉంది. గట్టిగా చదివాను.

"నేను లేకుంటే ఎవ్వరికన్న తెలుస్తదా? నాకైతే ఇగ ఉండబుద్ధైతలేదు."

తలెత్తి చూశాను. స్నేహితురాలు ఎదురుగా కూర్చుని నా ముఖంలోకే చూస్తోంది. కాసేపటికి "మేడంకు ఫోన్ చేద్దామా?" అంది.

అప్పటికే నేను అక్షరాలు గుర్తుపట్టాను. గుండ్రంగా, తలకట్లన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. బుగ్గారం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న మా క్లాసమ్మాయివి. మా క్లాసులో రికార్డులు ఎవరివి వాళ్ళు రాసుకోరు. రాత బాగున్న ఆమె సగం క్లాసుకు రాసిపెడుతుంది. సెలవు చీటీలు కూడా ఆమె చేతివే. నా బోటనీ రికార్డు మొత్తం ఆమె రాసిందే. అయినా నా బుర్రకు తట్టలేదు చూడండి!

"ఫోనెందుకే, మేడం పనిల ఉంటది. రాసింది ఎవరో దొరికింది గదా," అన్నాను పెద్ద ఆరిందాలా. "నువ్వు హాస్టల్లనే ఉంటవు. ఆమె మీద ఒక కన్నేసి ఉంచు. ఎట్లున్నదో రోజు నాకు చెప్పాలె."

ఆమె ఆ చిట్టి తీసుకుని మడతల మీద మడతలు పెట్టింది. తర్వాత "గట్లనే," అంది.

ఆదివారం ఫోన్ చేశాను. "పొద్దటిసంది ఏం తినలే," అంది. సోమవారం అడిగాను. "కండ్లు మూస్తలేదు. పైకి చూసుకుంట పండుకుంటున్నది." మంగళవారం నేను అడగకముందే చెప్పింది, "ఎవలన్న పక్కన కూసుంటే బాగుండు అన్నది." "అయితే నువ్వే కూసోవే," అన్నాను. బుగ్గారం అమ్మాయి క్లాసులో మామూలుగానే నవ్వుతుంటే, పైకి నటిస్తోందనుకుని ఇంకా కంగారుపడ్డాను. అయినా మేడంకు చెప్పలేదు. చెప్తే ముందే ఎందుకు చెప్పలేదని తిడుతుందని భయం.

బుధవారం ఇంకో మాట చెప్పింది. "ఎవలియి వాళ్ళకు ఇచ్చేస్తున్నది. పుస్తకాలు, బట్టలు." శిక్షణలో విన్నాను, వస్తువులు పంచిపెడుతుంటే ఇక ఆలస్యం చేయొద్దని. మేడం వచ్చేది మర్నాడే కదా, ఒక్క రాత్రికేమవుతుంది అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే నా స్నేహితురాలు ఎప్పుడో తీసుకున్న నా చున్నీ ఉతికి మడతపెట్టి తెచ్చిచ్చింది. బ్యాగులో కుక్కుకున్నాను. బస్సు టైమైంది.

గురువారం నా స్నేహితురాలు క్లాసుకు రాలేదు. ఆ రోజు సంగతి చెప్పేవాళ్ళు లేక నేనే బుగ్గారం అమ్మాయిని వెతుక్కుంటూ వెళ్ళాను. మెస్సులో నలుగురితో ముచ్చట్లు పెట్టుకుని శుభ్రంగా తింటోంది. పక్కకు లాక్కెళ్ళి అడిగాను.

"నాకేమైంది? మంచిగ తింటున్న, మంచిగ పంటున్న," అంది తెల్లబోయి.

"పెట్టెల చిట్టి నీ రాతే గదా!"

"రాసింది నేనే. రాయించుకున్నది నీ దోస్తు. మీకు ట్రైనింగుల చూపెట్టెతందుకు ఉత్త చిట్టి కావాలె అన్నది. అందరియి రాస్త గదా, గది గూడ రాసిన. ఆమె పొద్దుగాలనే ఊరికి పోయింది, నీకు చెప్పలేదా?"

ఆదివారం నుంచి విన్న ఒక్కో మాట ఎవరి గురించో అప్పుడు అర్థమైంది.  ఆమె ఫోన్ స్విచ్చాఫ్. మేడంకు అప్పుడు చేశాను. మేడం నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కాలేజీ రిజిస్టర్లో ఇంటి నంబరు తీయించి, అమ్మాయిని ఒక్క క్షణం ఒంటరిగా వదలొద్దని వాళ్ళమ్మకు చెప్పి, తాను అటునుంచే సిరిసిల్ల బయలుదేరింది.

నేను బస్సెక్కాను. వేములవాడలో డ్రైవరు చాయ్‌కి దిగితే నాకు ఏడుపొచ్చింది. "అన్నా, జల్ది పోనియ్యే," అని బతిమాలాను. సిరిసిల్లలో ఆ వీధి పొడుగునా సాంచాల మోత. ఈ మోతలో మనిషి అరిచినా వినబడదు కదా అన్న ఆలోచన ఒకటి పట్టుకుని వదల్లేదు. గడప దగ్గర వాళ్ళమ్మ లేచి నిలబడింది. "లోపల్నే ఉన్నది బిడ్డా. నేను పక్కనే కూసున్న. పొద్దటిసంది పలుకుతలేదు," అంది.

నా స్నేహితురాలు గోడకానుకుని కూర్చుంది. ఊపిరి తీస్తోంది. ముందు అదే చూశాను. అది చూడగానే నా నోరు ఆగలేదు.

"నాకు చెప్తే నీ నోరు పడిపోతుండెనా?" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చాను.

ఆమె నెమ్మదిగా తలెత్తింది. "చెప్పిన గదనే. ఆమె ఎట్లున్నదని రోజు అడిగినవ్. నేను ఎట్లున్ననో రోజు చెప్పిన."

మేడం వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదాకా నేను ఆమె చెయ్యి వదల్లేదు. మందులు, మాటలు, ఏడాది పట్టింది. ఇప్పుడు ఆమె కోలుకుంది. ఫోన్ చేసి "ఎట్లున్నవే?" అంటే, "ఎవల సంగతి అడుగుతున్నవ్?" అంటుంది. నవ్వుతూనే అంటుంది. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.