కోటయ్య బాబాయ్ ఎరుపు

పన్నెండేళ్ల కిందట నేను ఒక పెద్దాయనకు ఒక అబద్ధం చెప్పాను. రెండే రెండు మాటలు. అప్పటి నుంచి అవి నాతోనే ఉన్నాయి. పూజ దగ్గర కూర్చున్నా ఉన్నాయి, బియ్యం ఏరుతున్నా ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అందుకేనేమో, మీకైతే చెప్పగలననిపిస్తోంది.

ముందు ఒక సంగతి. నాకు దేవుడు తక్కువ చేసిందేమీ లేదు. మంచి తండ్రినిచ్చాడు. అరవని భర్తనిచ్చాడు. కసిరినా సాయంత్రానికల్లా పిలిచి తలకు నూనె పెట్టే తోటికోడలినిచ్చాడు. ఇంత ఇచ్చినవాడి ఎదురుగా రోజూ దీపం పెడుతూ, ఆ రెండు మాటలు లోపల ఎలా దాచుకోగలిగాను? ఇది తరచూ నన్ను నేను అడిగే ప్రశ్న. సమాధానం దొరికిందని చెప్పను.

మాది మంగళగిరి. పుట్టిందీ మెట్టిందీ ఇక్కడే. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. చుట్టుపక్కల కల్లాల్లో మిరపకాయలు ఆరబోసే రోజులొస్తే గాలిలోనే ఘాటుండేది, నాకు ఊపిరాడేది కాదు. బడికి పంపితే మధ్యాహ్నానికి ఎవరో ఒకరు ఎత్తుకొచ్చి ఇంట్లో దించేవారు. రెండేళ్లు చూసి నాన్న బడి మాన్పించారు. నూలు కొట్టు మూసి వచ్చాక తనే చదువు చెప్పేవారు. తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు. పుస్తకాలు అయిపోతే మందుసీసాల పెట్టెల్లో మడత పెట్టి ఉండే కాగితాలు, ఫ్యానుతో వచ్చిన చిన్న పుస్తకం, ఏది దొరికితే అది చదివించేవారు. "అర్థమైందా?" అని అడిగేవారు కాదు. "ఏం చెప్పాడు?" అనేవారు. నేను చెబితే మురిసిపోయేవారు.

సాయంత్రం పూట గుడి గాలిగోపురం దగ్గరికి తీసుకెళ్లేవారు. పదకొండు అంతస్తులు. ఎంత మెడ వెనక్కి వాల్చినా పై అంతస్తు సరిగ్గా కనబడదు. ఆ పైన ఏముందో కట్టినవాడికీ స్వామికీ తప్ప ఎవరికీ తెలియదనేవారు నాన్న. అది చూడాలన్నది నాలో ఒక కోరికలా ఉండిపోయింది. నాన్న పోయాక ఇంకా పెరిగింది.

అత్తవారిది నేతపని. మా ఆయన, మా బావగారు చెరొక మగ్గం మీద కూర్చునేవారు. అమ్మకాలన్నీ బావగారి భార్య, నేను అక్కా అని పిలిచే మా తోటికోడలు చూసేది. నూలుకు రంగులు వేసేది కోటయ్య బాబాయ్. చుట్టం కాదు, వరస పెట్టి పిలుచుకోవడమే. ఆయన మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. ఆ రోజు తొట్టిలో ఏముందో చేతులు చూసి చెప్పేవాళ్లం. కొలతలు వాడేవారు కాదు. తడిసిన నూలుకట్టను, మేము చిలప అంటాం, ఎండకు ఎత్తిపట్టి, ఒక కన్ను సగం మూసి, "ఇంకొక్క ముంచు" అనేవారు. ఆయన ఎరుపు పండుమిరపకాయ తొడిమ దగ్గర ఉండే ఎరుపు. కాస్త నలుపు కలిసినట్టు, నిండుగా. ఆ ఎరుపు కోసమే కొందరు మా చీర కొనేవారు.

అప్పటికి మా ఇంట్లో ఫొటోలు తీసే మంచి ఫోన్లు లేవు. హైదరాబాదు, బెంగళూరు నుంచి అడిగేవాళ్లకు చీరల ఫొటోలు పంపాలి. కెమెరా కొందామంది అక్క. నేసేవాళ్లు కాళ్లు దించుకునే మగ్గం గుంటలో వానాకాలం నీరు ఊరుతోంది. దానికి సిమెంటు చేయించడం ఆపి, ఆ డబ్బు దీనికి మళ్లించారు. ఏ కెమెరా? "చదువుకున్నది ఇంట్లో ఉందిగా, అదే చూస్తుంది" అన్నారు అందరూ.

ఆ నెల రోజులు! ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది. మా ఆయన గుంటూరు వెళ్లినప్పుడల్లా రంగురంగుల కాగితాలు తెచ్చేవారు. వంట చేస్తూ చదివేదాన్ని. ఒకసారి పప్పు అడుగంటింది కూడా. మెమరీ కార్డు ఎంతది కావాలి, బ్యాటరీ ఎన్ని ఫొటోలకు వస్తుంది, లెన్సు మీద అద్దం బిగించుకుంటే గీతలు పడవట. నాన్న ఉంటే ఎంత సంబరపడేవారో అనుకునేదాన్ని. ఆ కాగితాల్లో ఒకదాని మీద చందమామ ఫొటో ఉంది, గుంటలతో సహా. ఈ కెమెరా అంత దూరం చూస్తుందట. అది చూసిన క్షణమే నా మనసు చీరల మీద నుంచి జరిగిపోయింది. నాకు తెలుసు. తెలిసే జరగనిచ్చాను.

గుంటూరులో కొట్టాయన రెండు కెమెరాలు బల్ల మీద పెట్టాడు. చిన్నది చూపించి, చీరలకు ఇది చాలండి, దగ్గర పెట్టి తీస్తే పోగులు కూడా లెక్కపెట్టుకోవచ్చు అన్నాడు. పెద్దది దూరంగా ఉన్న పిట్టల్ని ఫొటో తీసేవాళ్ల కోసమట. అడిగి మరీ దాన్ని చేతిలోకి తీసుకున్నాను. మీట తిప్పగానే లెన్సు గొట్టం ముందుకు సాగింది. వీధి చివర ఎవరి డాబా మీదో ఆరేసిన పంచె, దాని అంచు, అంచులో చిన్న చిరుగు. మా ఆయన నా వంక చూశారు. చీర అంచు దగ్గరగా కనబడాలంటే ఇదే కావాలన్నాను. కొట్టాయన నన్నొకసారి చూసి బిల్లు పుస్తకం తీశాడు. సంచీ, రెండో బ్యాటరీ, మూడు కాళ్ల స్టాండు కూడా తీసుకున్నాం. తీగ మీద ఆరేసిన చీరకు స్టాండెందుకు? అంత దూరం చూసేటప్పుడు చెయ్యి కొంచెం వణికినా బొమ్మ నిలవదు. అందుకు.

ఇది కూడా తప్పే. కానీ నేను చెప్పాలనుకున్నది ఇది కాదు.

సాయంత్రాలు ఆరిన బట్టలు తీసే నెపంతో డాబా మీదికి వెళ్లేదాన్ని. స్టాండు మీద కెమెరా నిలబెట్టి, గాలిగోపురం వైపు తిప్పి, మెల్లగా, ఒక్కొక్క అంతస్తే ఎక్కుతున్నట్టు పైకి జరిపేదాన్ని. మొదటిరోజు పై అంతస్తు దాకా వెళ్లేసరికి అక్కడ ఒక చిన్న తొర్ర, తొర్రలో రామచిలుక తల. అంతే. నాన్నా, చిలకుంది నాన్నా అన్నాను పైకే. ఏడుపొచ్చింది. ఆ నిమిషానికి నేను ఇప్పటికీ కృతజ్ఞురాలినే. అదీ దాచను.

కెమెరా మీద ఒక చక్రం ఉండేది. పగలుకు ఒక గుర్తు, దీపాల వెలుగుకు ఒక గుర్తు, పొద్దుగూకే వేళకు ఒకటి. కొండ వెనక సగం సూర్యుడి బొమ్మ. దాని మీద పెడితే గోపురం బంగారం పూసినట్టు వచ్చేది. ఎరుపునూ పసుపునూ ఎగదోస్తుందని దాంతో వచ్చిన పుస్తకంలో చదివాను కూడా.

ఒక శుక్రవారం పొద్దున అక్క తొందరపెట్టింది. ఎనిమిది ఎర్ర చీరలు, బెంగళూరులో పెళ్లివారికి ఫొటోలు వెంటనే పంపాలి. తీశాను. చక్రం ముందురోజు సాయంత్రం పెట్టినచోటే ఉంది. నేను చూడలేదు. ఫొటోలు కంప్యూటర్లో చూసి అక్క, "అబ్బ, నిప్పులా ఉందే!" అంది. నాకూ ఎక్కడో కాస్త ఎక్కువగానే అనిపించింది. మెచ్చుకుంటుంటే ఎవరు ఆగి చూస్తారు? పెళ్లివారు ఎనిమిదీ తీసుకున్నారు.

నెల తిరక్కుండా ఎనిమిదీ వెనక్కి వచ్చాయి. ఫొటోలో ఉన్న రంగు కాదిది, వెలిసిపోయిన చీరలు పంపారని ఉత్తరం. అక్క కంప్యూటర్లో ఫొటో పెట్టి పక్కన చీర పరిచింది. నిజమే, రెండూ ఒకటి కావు. బావగారు తల గోక్కుని, "నేసేటప్పుడు కూడా ఇట్టాగే ఉన్నట్టుందే" అన్నారు. "ఫొటో ఎదురుగా ఉంటే మీ జ్ఞాపకం ఎవరిక్కావాలండీ? పొద్దున తిన్న కూరేంటో చెప్పలేరు మీరు" అంది అక్క.  రంగు నిలవలేదని తేల్చారు. కోటయ్య బాబాయ్‌కి కబురు పంపారు.

ఆయన వచ్చేలోగా నేను లోపలికి వెళ్లి కెమెరా తీసి చూశాను. ఆ రోజు ఫొటోల పక్కన ఆ గుర్తు ఉంది. కొండ, సగం సూర్యుడు. మొత్తం అర్థమైంది. అప్పుడే బయటికొచ్చి చెప్పి ఉంటే ఇది నవ్వుకునే కథ అయ్యేది.

బాబాయ్ వచ్చారు. ఆ రోజు చేతులు నీలం.

"ఏరా శీనూ, ఏందిరా అందరూ మొహాలు వేలాడేసుకున్నారు?" అన్నారు బావగారితో నవ్వుతూ.

"నవ్వకండి బాబాయ్," అంది అక్క. "ఎనిమిది చీరలు తిరిగొచ్చినయ్. ఇది ఫొటో, ఇది చీర. మీ ఎరుపు నెల కూడా నిలవలా."

ఆయన చేతులు లుంగీకి తుడుచుకుని చీర కొంగు పట్టుకుని గడప దాకా వెళ్లారు. వెలుగులో చూశారు. మళ్లీ వచ్చి కంప్యూటర్ చూశారు. మళ్లీ చీర.

"ఇది నేనేసిందేనమ్మా. ఏసిన్నాడు ఎట్టుందో ఇయ్యాలా అట్టానే ఉంది. అది మాత్రం నేనెయ్యలా. అట్టాంటి ఎరుపు నా తొట్టిలో పుట్టదు."

"మరి ఫొటోలోకి ఎక్కణ్నుంచొచ్చింది? దేవుడేసి పోయాడా?"

"ఊరుకో వదినా" అన్నారు మా ఆయన.

బాబాయ్ నావైపు తిరిగారు. "అమ్మాయ్, మీ నాయన కొట్లో నూలు కొనేటప్పటి నుంచి ఎరుగుదును నిన్ను. ఇంట్లోనే చదివినా బళ్లో చదివినోళ్లకంటే ఎక్కువ చదివావు. ఆ మిషను సంగతి నీకే తెలుసు. నువ్వు చెప్పు, ఫొటో అబద్ధం చెబుద్దా?"

అందరూ నన్నే చూస్తున్నారు.

"చెప్పదు బాబాయ్" అన్నాను.

 ఆయన కొంగు జాగ్రత్తగా మడత పెట్టి బల్ల మీద ఉంచారు.

"అయితే నా కళ్లే" అన్నారు.

ఎందుకలా అన్నాను? అక్కకు భయపడా? కాదు. తిట్టేది, మర్చిపోయేది. చక్రం సంగతి చెబితే గోపురం సంగతి బయటపడుతుంది, గోపురం బయటపడితే కొట్టాయన మాట బయటపడుతుంది, మగ్గం గుంటకు పెట్టాల్సిన డబ్బుతో నేను పిట్టల కెమెరా కొన్నానని తెలుస్తుంది. అది కొంత. కానీ దానికింద ఇంకొకటి ఉంది, దాన్ని ఒప్పుకోవడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది. "చదువుకున్నది" అన్న మాట. నాన్న నా కోసం రెక్కలు ముక్కలు చేసుకుని సంపాదించి పెట్టిన మాట. చదివి కూడా చక్రం చూసుకోలేదని నవ్వితే నాన్నను నవ్వినట్టు అనిపించింది. ఆ చదువును నమ్మి అడిగినాయన్నే దాంతో కొట్టాను. నాన్న ఉంటే ఏమనేవారు? ఏమీ అనేవారు కాదు. నా మొహం చూడ్డం మానేసేవారు.

ఆయన్ని ఎవరూ పని మానమనలేదు. అక్క నూలు పంపుతూనే ఉంది. కానీ బాబాయ్ చిలప ఎండకు పట్టి, "ఇంకొక్క ముంచు" అనడం మానేశారు. భార్యను కేకేసి, చాలా అని అడిగేవారు. ఆవిడకేం తెలుసు? గుంటూరులో కంటి డాక్టరుకు చూపించుకున్నారు. వయసుకు తగ్గట్టు కళ్లు బాగానే ఉన్నాయన్నారట. "కళ్లు బాగుంటే చెయ్యి పోయిందన్నమాట" అన్నారని తెలిసింది. ఏడాది తిరిగేసరికి తొట్లు బోర్లించేశారు. కన్నూ చెయ్యీ రెండూ నిక్షేపంగా ఉన్నాయని తెలిసినదాన్ని ఊళ్లో నేనొక్కదాన్నే.

అప్పుడైనా వెళ్లి చెప్పొచ్చుగా? రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లాను. ఒకసారి కరివేపాకు అడిగి వచ్చాను. రెండోసారి ఆయనే ఎదురొచ్చి, "ఫొటోలు బాగా తీస్తన్నావా అమ్మాయ్?" అన్నారు ఆప్యాయంగా. ఆ ఆప్యాయత నా కాళ్లు వెనక్కి తిప్పింది. ఒక్కమాట కోపంగా అని ఉంటే చెప్పేసేదాన్నేమో. ఇది కూడా నేను వెతుక్కున్న సాకేమో.

మా కొండ మీది పానకాలస్వామి మనం పోసే పానకంలో సగం తాగి, సగం మనకే వదిలేస్తాడు. నేనూ ఆయనకు సగమే చెప్పేదాన్ని. స్వామీ, తప్పు చేశానని అనేదాన్ని. ఏ తప్పో అనేదాన్ని కాదు.

మొన్న కార్తీకంలో బాబాయ్ పోయారు. పదోరోజు వెళ్లాం. ఆడవాళ్లందరం కూర్చుని ఉండగా పిన్ని కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "మీ బాబాయి చివర్లో టమాటాలు కూడా నన్నడిగే కొనేవాడమ్మా. 'ఇది పండిందంటావా?' అని. బజార్లో అందరూ నవ్వేవాళ్లు." అక్కడున్నవాళ్లు కూడా చిన్నగా నవ్వారు. రంగుల మధ్య పుట్టి పెరిగిన మనిషి, టమాటా చేత్తో పట్టుకుని ఇంకొకరిని అడగడం. నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయాను.

పిన్నికి చెప్పాలా? చెబితే బరువు దిగేది నాకు, ఎక్కేది ఆవిడకు కాదా? లేక ఇది కూడా పిరికితనానికి నేను వేస్తున్న మంచి పేరా? తెలియడం లేదు. ఆ తెగువ ఇంకా రాలేదు. క్షమించమని మిమ్మల్నీ అడగను, అది మీరు ఇవ్వగలిగేది కాదు. ఇవ్వగలిగినాయన లేరు. స్వామికి మాత్రం ఈ పొద్దున మొత్తం చెప్పాను, పేర్లతో సహా. తర్వాత ఇది రాయడానికి కూర్చున్నాను. పన్నెండేళ్లలో మొదటిసారి ఆ మాట నా లోపల కాకుండా నా ఎదురుగా ఉంది. దాన్ని చూడగలుగుతున్నాను. ఇవాళ్టికి దేవుడు నాకిచ్చింది అది.

బాబాయ్ అడిగిన ప్రశ్నకు నేనింకా జవాబు బాకీ. చెబుతుంది బాబాయ్. ఫొటో అబద్ధం చెబుతుంది. ఆ రోజు చెప్పింది, దాని పక్కన నిలబడి నేనూ చెప్పాను. మీ కళ్లు మాత్రమే నిజం చెప్పాయి.