రికార్డులు మిగిలాయి, ప్లేయర్ పోయింది

ఈ రోజు మధ్యాహ్నం కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ సైనికులు ఇద్దరు హవల్లీలోని మా ఫ్లాటును సోదా చేశారు. మా అల్లుడి జర్మన్ రాక్ రికార్డుల అట్టలు ఒక్కొక్కటే తిప్పి చూసి పెదవి విరిచారు. రికార్డు ప్లేయర్‌ను మాత్రం చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు. తర్వాత లెక్క చూశాను. నలభై మూడు రికార్డులూ భద్రంగా ఉన్నాయి.

ఆ సంగీతాన్ని ఏళ్ళ తరబడి తిట్టినదాన్ని నేనే. ఇరవై నిమిషాలపాటు మాటా పాటా లేకుండా ఒకటే దరువు. కానీ కాల్పులు మొదలైనప్పటి నుంచి నా నాలుగేళ్ళ మనవరాలు ఆ దరువు వింటేనే నిద్రపోతోంది.

సాయంత్రం వీధిలో మళ్ళీ తుపాకులు మోగాయి. పిల్ల వచ్చి నా ఒళ్ళో దూరింది. ఏం చేయాలో తోచక ఖాళీ బియ్యం డబ్బా మీద ఆదితాళం మొదలుపెట్టాను.

“అది కాదవ్వా!” అని ఏడ్చింది.

“ముక్తాయింపులు వద్దత్తా,” అన్నాడు అల్లుడు. “ఊరికే ఒకటే మాదిరి కొట్టండి.”

“ఎంతసేపు నాయనా?”

“అది నిద్రపోయేదాకా.”

ఆరు నిమిషాలకే నా చేయి పడిపోయింది. పిల్ల కళ్ళు తెరిచే ఉన్నాయి. ఇప్పుడు అల్లుడు కొడుతున్నాడు.

ఈ కాగితాన్ని మన భవనం మెట్ల దగ్గర అంటిస్తున్నాను. తెలుగులో ఉంది గనుక వాళ్ళు చదవలేరు. ఎవరింట్లోనైనా ప్లేయర్ ఉంటే దాచుకోండి, నాకు కూడా చెప్పకండి. చేతులు ఖాళీగా ఉన్నవారు రెండో అంతస్తుకు రండి. మీ సంగీత విద్వత్తు మాత్రం చెప్పులతో పాటు గుమ్మం బయటే వదలండి.