కొంగున కట్టుకెళ్లిన తుమ్మముల్లు

యుద్ధం రోజుల్లో మేము నగరి దగ్గర మగ్గం నేసుకుని బతికేవాళ్లం. మా రెండేళ్ల పాపకు జ్వరం ముదిరితే మూర్ఛ వచ్చేది. మందుకు మా ఆయన సైకిల్ మీద పుత్తూరు వెళ్లాలి. కంచెలకు కంప తోలే బండ్ల వల్ల దోవంతా ముళ్లే. ఒకసారి టైరు పంక్చరై ఆయన నడిచి వచ్చేసరికి పాప నా ఒళ్లో నీలంగా మారిపోయింది. ఎలాగో గట్టెక్కింది.

కొత్త టైరు కొనడానికి నేనూ వెళ్లాను. అంగట్లో ఉన్నవి రెండే.

"ఈ సన్నది తీస్కో అప్పా, గాలి మాదిరి పోతాది" అన్నాడు అంగడాయన.

నేను కొంగు ముడి విప్పి, తుమ్మముల్లు తీసి, ఆ సన్న టైరులో గుచ్చాను. కస్సున దిగింది.

"అయ్యయ్యో! కొనకముందే సరుకు పాడు సేస్తివే!"

అంగట్లో అందరూ నవ్వారు. మా ఆయన తల దించుకుని, "ఏందే ఇది? రా బయటికి" అన్నారు.

"దోవలో ముండ్లు మనల్ని అడిగి గుచ్చుకుంటాయా?" అంటూ లావు టైరులోనూ బలమంతా పెట్టి పొడిచాను. ముల్లు మొన విరిగింది. "ఇదే కావాల."

"ఇంత బరువు తొక్కేది నేను గదా!"

"బిడ్డ కోసరం తొక్కాల్సిందే."

కొన్నాళ్లకే పాపకు మళ్లీ మూర్ఛ వచ్చింది. ఈసారి ఆయన పొద్దుండగానే మందుతో వచ్చారు. టైరు నిండా ముళ్లు, గాలి మాత్రం తగ్గలేదు.

నాకు చదువు అంతంతే. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది ఆ పాపే.