ఆటలమ్మకు డాక్టరు చీటీ

ఎనభైల్లో నేను గుంటూరు శివార్లలో ఒక నూలు మిల్లు టైమాఫీసులో గుమాస్తాని. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు, ఇవన్నీ మస్టర్లో రాయడం నా పని. జబ్బుపడ్డవాళ్ళు డాక్టరు చీటీ పంపితే సిక్కు, పంపకపోతే ఆబ్సెంటు. వారం దాటి ఆబ్సెంటు పడితే పేరు కొట్టేసి, గేటు బయట కాచుకున్న ఇంకొకరిని తీసుకునేవాళ్ళు.

ఒక ఎండాకాలం, నూలు చిలపలు చుట్టే ఒకావిడ రావడం మానేసింది. భర్త పోయాక ఆవిడ పని మీదే ఆ ఇల్లు నడుస్తోంది. మర్నాడు వాళ్ళత్త వేపమండ పట్టుకుని వచ్చి, నా కిటికీకి దూరంగా నిలబడి కేకేసింది.

"అమ్మాయ్! మా కోడలికి అమ్మవారు పోసింది. పేరు తీసెయ్యమాకండి!"

"డాక్టరు చీటీ కావాలి పెద్దమ్మా!"

"అమ్మవారు ఇంట్లో ఉండగా డాక్టరు దగ్గరికి పోతారా ఎవరన్నా? ఏం మాటలమ్మా అవి!" అని, నా బదులు తనే లెంపలేసుకుంది.

మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. అయినా మా పేటలో ఆటలమ్మ వస్తే గుమ్మానికి వేపమండలు కట్టాల్సిందే, సూదిమందు మాట ఎత్తకూడదు. అందుకే ఆ ముసలమ్మని తప్పుపట్టలేకపోయాను.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. నాకు చిన్నప్పుడే వచ్చిపోయింది కాబట్టి భయం లేదు. ఒళ్ళంతా పొక్కులతో, వేపాకుల మీద పడుకుని ఆవిడ ఒక్కటే అడిగింది.

"నా పేరు ఉందామ్మా?"

నాకు ఒళ్ళు మండింది. జబ్బు కళ్ళెదుట కనిపిస్తుంటే కాగితం లేదని మనిషిని తీసేస్తారా? చూద్దాం అనుకున్నాను.

మేనేజరుగారు చెడ్డవాడు కాదు, రూళ్ళ మనిషి. రోజూ వెళ్ళి అడిగాను. రోజూ ఒకటే జవాబు.

"చీటీ లేనిదే కుదరదమ్మా. రూలు రూలే."

వారం నిండబోతోంది. ఆ రోజు నేను కుర్చీ కూడా లాక్కోకుండా నిలబడే చెప్పాను.

"సరేనండి. చీటీ ఎలాగూ రాదు, మనిషినే రప్పిస్తాను. రేపు పొద్దున్నే మీ టేబులు ముందు నిలబెడతాను. ఆ పొక్కులు మీరే చూసి రాయండి."

ఆయన కుర్చీ గోడకి తగిలేదాకా వెనక్కి జరిగింది. ఆయనింట్లో చంటిపిల్ల ఉంది మరి.

"వద్దమ్మా, తల్లీ! సిక్కు అని రాసెయ్. నేను సంతకం పెడతాను."

"తలకి నీళ్ళు పోసేదాకా రాయమంటారా?"

"రాయి, రాయి!"

నీళ్ళు పోసుకున్నాక ఆవిడ పనిలోకి వచ్చింది. మొహం నిండా మచ్చలు. నా కిటికీ దగ్గర ఆగి, లోపలికి రావచ్చో లేదో తెలియక మళ్ళీ అదే అడిగింది.

"నా పేరు ఉందామ్మా?"

"ఉంది!" అన్నాను, పక్క గదిలో మేనేజరుగారికి కూడా వినపడేలా.