చెరువు అడుగున ఒక పగులు మలుపు

ఎంటెక్‌లో నేను పగుళ్ల మీద పని చేశాను. గట్టి వస్తువులో పుట్టిన చీలిక ఎటు పాకుతుందో కంప్యూటర్‌తో ముందే లెక్కగట్టడం నా ప్రాజెక్టు. తెర మీద ఆ వస్తువును ఒక పలకగా గీసి, చిన్న చిన్న త్రిభుజాలుగా కోసుకుంటాం. నా పగులు బుద్ధిగా ఆ గీతల వెంబడే పోయేది. ముచ్చటపడ్డాను. ఒకరోజు ఊరికే గీతల వాలు మార్చి చూస్తే పగులూ వాలు మార్చింది. దారి వేసింది నేనేనన్నమాట. ఒళ్లు మండిపోయింది.

పద్ధతి మార్చాను. పగులు కాస్త సాగగానే దాని కొన చుట్టూ త్రిభుజాలు చెరిపేసి కొత్తవి గీయడం, పలకలోని లాగుడును బట్టి దాన్ని ముందుకు వదలడం. ఈసారి కొత్త పగులు, పలకలో ముందే ఉన్న పాత పగులు దగ్గరకొచ్చి, ఒంపు తిరిగి, మూలమట్టం పెట్టినట్టు దానికి అడ్డంగా కలిసింది. వట్లూరు కాలేజీలో మా గైడు చూసి, "బొమ్మ బాగుందమ్మా. నిజం పగులు అలా తిరుగుతుందా? చూసొచ్చి చెప్పు, సంతకం పెడతాను" అన్నారు.

కొల్లేరు పక్కన మా బాబాయికి చేపల చెరువుంది. పట్టుబడి అయ్యాక నీళ్లు తోడేసి, అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టి, మళ్లీ నీళ్లు పెడతారు. గట్టు దిగి వెతికితే, పెద్ద నెర్రె వైపు ఏటవాలుగా వస్తున్న సన్న పగులొకటి దొరికింది. ఇంకా జానెడు దూరముంది. తిన్నగా వస్తే తగిలే చోట ఒక పుల్ల, నా లెక్క చెప్పిన చోట ఇంకో పుల్ల గుచ్చాను.

"అది మలుపు తిరిగి పెద్ద నెర్రెలో కలిసేదాకా నీళ్లు పెట్టకండి బాబాయ్."

"రేపు సాయంత్రం చేపపిల్ల వచ్చేస్తుందమ్మా. పక్క కుంటలో వదిలి, దీనికి నీళ్లు మొదలెట్టాలి. అందాకా చూస్కో. నెర్రెలు చూడ్డానికా నిన్నంత చదివించారు?"

మర్నాడు గొడుగేసుకుని కూర్చున్నాను. చూస్తున్నంతసేపూ అది కదలదు. మంచినీళ్లు తాగి వచ్చేసరికి కాస్త ముందుంటుంది. మధ్యాహ్నం దాకా తిన్నగానే వచ్చింది. మొదటి పుల్ల వైపే.

సాయంత్రం తూము ఎత్తడానికి వచ్చిన బాబాయి, నా మొహం చూసి పక్కనే గొంతుక్కూర్చున్నారు.

"తిరుగుతుందంటావా?"

నేను అనుకున్నదానికంటే ఆలస్యంగా తిరిగింది. కానీ తిరిగింది. నా లెక్క పుల్లకి రవ్వంత అవతల, నెర్రెకి అడ్డంగా కలిసింది. సంతోషం పట్టలేక బాబాయి భుజం పట్టుకుని ఊపేశాను. ఆయన మాత్రం చెరువంతా చూస్తున్నారు.

"ఏమ్మా, చాలావరకు ఇలాగే కలిశాయి కదా. ఇన్నేళ్లూ తొక్కుకుంటూ తిరిగాను, ఎప్పుడూ చూళ్లేదు."

అప్పుడు తలెత్తాను. చెరువు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా అవే మలుపులు, ఎప్పుడో కలిసిపోయినవి. నేను ఒక్కదానికి కాపలా కాస్తూ కూర్చున్నాను.

"ఇంకాస్త ఆగండి బాబాయ్, అన్నీ చూడాలి" అన్నాను.

ఈసారి ఆయన ఆగలేదు. చేపపిల్ల వ్యాను గట్టెక్కుతోంది.