నా భార్య నర్సు కాదని రాసిచ్చాను

ఎర్లాంగెన్‌లో నా భార్య పనిచేసిన వృద్ధుల ఇంట్లో, లోపలికి వెళ్ళగానే గోడ పక్కన ఒక చిన్న బల్ల ఉంటుంది. అక్కడ ఉండేవాళ్ళు గానీ పనిచేసేవాళ్ళు గానీ చనిపోతే దాని మీద ఫొటో, కొవ్వొత్తి, ఒక కార్డు పెడతారు. నెల తర్వాత ఆ కార్డును జ్ఞాపకాల పుస్తకంలో అంటిస్తారు.

జనవరిలో గడ్డకట్టిన రోడ్డు మీద సైకిల్ జారి, వెనక వస్తున్న వ్యాన్ కింద పడి ఆమె పోయింది. వారం తర్వాత ఆమె లాకర్ ఖాళీ చేయడానికి వెళ్ళాను. బల్ల మీద ఆమె ఫొటో ఉంది. కార్డు మీద ఆమె పేరు, దాని కింద "మా సహాయకురాలు" అని ఉంది.

గుంటూరులో ఆమె పదకొండేళ్ళు స్టాఫ్ నర్సు. జర్మనీలో ఆ పేరును చట్టం కాపాడుతుంది. ఎక్కడ ఎంత చదివినా, ఇక్కడి ప్రభుత్వం ఆ చదువును గుర్తించి పత్రం ఇచ్చేదాకా ఎవరూ నర్సునని చెప్పుకోకూడదు. ఆ గుర్తింపును మావాళ్ళు జర్మన్ మాటతోనే అనెర్కెన్నుంగ్ అంటారు. తెలుగు నర్సులిద్దరు కలిస్తే ముందు అడిగేది అది వచ్చిందా అనే. ఆమెకు ఒక్క పరీక్ష మిగిలింది. అది మార్చిలో.

ఉద్యోగంలో చేరిన రోజు అలవాటు కొద్దీ గుంటూరు ఆసుపత్రి బ్యాడ్జీ పెట్టుకుని వెళ్ళింది. హెడ్ నర్సు అందరి ముందూ దాన్ని తీయించింది. "ఇక్కడ నువ్వు నర్సువి కావు. చట్టం ఒప్పుకోదు" అంది. సాయంత్రం ఇంటికొచ్చి, "పోనీలెండి, ఎలాగూ పిన్ను వంగిపోయింది" అని నవ్వింది నా భార్య. ఆ నవ్వును నేను నమ్మాను.

బల్ల దగ్గర నేను నిలబడి ఉండగా ఆ హెడ్ నర్సే వచ్చి చెయ్యి పట్టుకుంది. కార్డు మీద నర్సు అని రాయగలరా అని అడిగాను.

"మీ బాధ నాకు తెలుసు. కానీ హక్కు లేనివాళ్ళకి ఆ పేరు రాయలేం. చనిపోయినవాళ్ళకైనా సరే."

"అయితే తన పేరొక్కటే ఉంచండి."

"పనివాళ్ళందరికీ హోదా రాస్తాం. అది ఇక్కడి పద్ధతి."

ఆమె కోపంగా అనలేదు. ఆమె అన్నదాంట్లో తప్పు కూడా లేదు. అదే నాకు సహించలేదు.

లాకర్‌లో చెప్పులు, స్వెట్టర్, చేతులకు రాసుకునే క్రీము, ఒక నోటు పుస్తకం ఉన్నాయి. గుంటూరులో డ్యూటీ దిగేముందు తర్వాతివాళ్ళకోసం రిపోర్టు రాసేది. ఇక్కడ ఆమెను ఎవరూ అడగకపోయినా ఆ అలవాటు మానలేదు. తెలుగులో రాసుకుంది. పన్నెండో గది, ఇన్సులిన్ ఇచ్చాను. పదిహేడో గది, మడమ పుండుకు కట్టు మార్చాను. ఆ ఇంట్లో సహాయకులు చేయకూడని పనులవి. చేసినవాళ్ళు చార్టులో తమ పొడి సంతకం పెట్టాలి. ప్రతి పేజీ చివరా నా భార్య, చార్టులో హెడ్ నర్సు సంతకం పెట్టిందని రాసుకుంది. అక్టోబరులో వరసగా రెండు వారాలు ఇలా ఉంది: "ఈమె సెలవు పెట్టి సముద్రానికి వెళ్ళింది. వచ్చాక సంతకాలన్నీ ఒకేసారి పెడుతుందట."

అక్కడే సహాయకురాలిగా పనిచేసే వరంగల్ అమ్మాయి ఆ ఆదివారం టిఫిన్ డబ్బాతో వచ్చింది. పుస్తకం చూపించాను.

"నిజమే అన్నా. నాతోని గూడ చేయించింది. మనుషులు లేరు గద, ఎవరో ఒకరు సూది పొడవాలె."

"తను నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఊకుంటవా? ఇంట్ల బల్బు పోతేనే ఓనర్‌కి నాలుగు ఈమెయిల్లు కొట్టే మనిషివి. అక్కనే చెప్పింది, నవ్వుకుంట." తనూ నవ్వి, వెంటనే కళ్ళు తుడుచుకుంది. "కంప్లైంట్ ఇస్తవా? నా అనెర్కెన్నుంగ్ ఇంకా రాలే అన్నా. నా పేరు రానియ్యకు."

"రానివ్వను."

"ఇంకోటి. అక్క చేసింది గూడ తప్పే అయితది. అది నువ్వే రాయాలె."

వృద్ధుల ఇళ్ళను తనిఖీ చేసే కార్యాలయానికి ఉత్తరం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి ఊసున్న పేజీలు పక్కన పెట్టి, మిగతావి డిక్షనరీ చూసుకుంటూ జర్మన్‌లోకి మార్చాను. హెడ్ నర్సు సముద్రంలో మోకాళ్ళ లోతున నిలబడి స్టాఫ్ గ్రూపులో పెట్టిన ఫొటో నా భార్య ఫోన్‌లో ఉంది. తేదీతో సహా దాన్నీ జతచేశాను. అన్నీ అయ్యాక మొదటి వాక్యం మిగిలింది. నా భార్య నర్సు అని రాస్తే ఫిర్యాదే లేదు. నర్సు సూది వేయొచ్చు. కాదని రాస్తేనే ఆ హెడ్ నర్సు దొరుకుతుంది.

పొద్దుటి కాఫీ నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. తర్వాత రాశాను: "నా భార్య నర్సు కాదు." సంతకం చేసి పోస్టులో వేశాను.

తనిఖీవాళ్ళు చెప్పకుండా వచ్చారు. నేను పంపిన పేజీలనూ చార్టులనూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. ఏప్రిల్‌లో వరంగల్ అమ్మాయి ఫోన్ చేసింది. "హెడ్ నర్సును పనికి రావద్దన్నరు, ఇప్పుడు ఇంట్ల కూసుంది అన్నా. నర్సు పత్రం గూడ గుంజుకుంటరేమో అంటున్రు." సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక, పత్రం గుంజుకుంటారన్న మాటను చాలాసేపు మనసులో తిప్పుకున్నాను.

మే నెలలో ఒక శనివారం సంతలో ఆస్పరాగస్ కాడలు కొంటుంటే ఆ హెడ్ నర్సు నా పక్కకు వచ్చింది. యూనిఫాం లేకుండా ఆమెను చూడడం అదే మొదలు.

"ఇరవై ఆరేళ్ళుగా నర్సుని. ఇంకో పని నాకు తెలియదు. మీ భార్య అయితే ఇలా చేసేది కాదు."

"నిజం. చేసేది కాదు."

"నాకోసం తనిఖీవాళ్ళకి ఇంకో ఉత్తరం రాయండి. జ్ఞాపకాల పుస్తకంలో ఆ కార్డు నేను మార్పిస్తాను. నర్సు అనే రాయిస్తాను."

జనవరిలో నేను అడిగింది అదొక్కటే. చిల్లర తీసుకుని జేబులో వేసుకున్నాను.

"రాయించలేరు. చట్టం ఒప్పుకోదు" అన్నాను.

ఆమె ఇంకా ఏదో అంటుండగానే సంచి తీసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి ఆస్పరాగస్ ముక్కలు కోసి, పోపు పెట్టి వేయించి, అన్నంలో కలుపుకున్నాను. జనవరి తర్వాత ఆకలేసి తిన్నది ఆ రోజే.